దివిసీమలో రెండు విస్తళ్ళు

గుడివాడ నుంచి పాలకాయతిప్పకు వెళ్ళి రావడానికి సుమారు రెండు వందల కిలోమీటర్లు. ఈ మాత్రం దూరానికి యాత్ర అనే పేరు ఎక్కువ. మా జిల్లావారిలో చాలామంది ఆ సముద్రాన్ని చూసే ఉంటారు. చూడనివారికి చూడలేదన్న దిగులూ ఉండదు. అయినా రాస్తున్నాను. 1969 నుంచి నాకు డైరీ రాసే అలవాటు. వెళ్ళిన ఊరు, ఎక్కిన బస్సు, తిన్న భోజనం, దాని ఖరీదు అన్నీ అందులో ఉంటాయి. ఒక ఏడాది డైరీలో రెండు పేజీలను మాత్రం ఇరవై ఏళ్ళుగా తెరిచి చూడలేదు. ఈ నాలుగు రోజుల ప్రయాణం నన్ను ఆ పేజీల దగ్గరికి తీసుకువెళ్ళింది.

గుడివాడ

1998 నవంబరు 16, సోమవారం. మా సంఘం ఆవరణలో పాస్టర్ల సదస్సు. వక్త కాంగ్ గారు దక్షిణ కొరియాలో ఒక వేదాంత కళాశాల అధ్యాపకుడు. వయసు అరవై రెండు. పొట్టి మనిషి, నెత్తిన బట్ట టోపీ, జేబులో నల్ల అట్ట నోటుపుస్తకం. నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను కనుక ఆయన ప్రసంగాన్ని తెలుగు చేసే పని నాకు అప్పగించారు.

ఆయన చెప్పినదాని సారాంశం ఇది. కొరియాలో క్రైస్తవం రాకముందే సామాన్యులు ఆకాశం వైపు చూసి, దణ్ణం పెట్టి పిలుచుకునే పేరు ఒకటి ఉండేది. బైబిలును తర్జుమా చేసినవారు దేవుడికి ఆ పేరునే వాడారు. అంటే దేవుడు మిషనరీల ఓడలో రాలేదు, అప్పటికే అక్కడ ఉన్నాడు. రెండో మాట, తల్లిదండ్రుల పట్ల భక్తి ఆ దేశపు పాత ఆలోచనకు మూలం. అది చావుతో ఆగిపోదు. ఏటా పెద్దలు పోయిన రోజున వారి పేర్లు రాసిన చెక్కపలకల ముందు అన్నం, చారు, చేప పెట్టి ఇంటిల్లిపాదీ సాగిలపడతారు. చేప తల తూర్పుకు, తోక పడమరకు ఉండాలట. తొలినాటి మిషనరీలు దాన్ని విగ్రహారాధన అన్నారు. కాంగ్ గారి తాత మారుమనస్సు పొంది క్రైస్తవుడైన ఏడాది తన చేతులతోనే ఆ పలకలను పెరట్లో తగలబెట్టాడు. నానమ్మ మాత్రం బతికినన్నాళ్ళూ ఏటా ఒక గిన్నెడు అన్నం పొయ్యి పక్కన చాటుగా పెట్టి, కాసేపు చూసి, తీసేసేది.

"నేను రాసిన వేదాంతమంతా ఆ గిన్నెకు వ్యాఖ్యానమే" అన్నారు.

మూడో మాట మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. క్రీస్తు మరణించి అదృశ్యలోకంలోకి దిగాడని మేము ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో చెబుతాం. కొరియా ప్రొటెస్టెంట్లు తమ ప్రమాణంలో ఆ మాట పలకరట. మీ దగ్గర తెరిచి ఉన్న తలుపును మావాళ్ళు మూసేశారని ఆయన అన్నారు. చనిపోయినవారి దగ్గరికి క్రీస్తే వెళ్ళినప్పుడు వాళ్ళను మనం మరిచిపోవడం ధర్మం కాదు. వారి పేరున అన్నం పెట్టడం పూజ కాదు, ఆయన నడిచిన తోవలో రెండడుగులు వేయడం. ఈ వాదన చేసినందుకు సొంత దేశంలో ఏ పెద్ద సంఘమూ కాంగ్ గారిని వేదిక ఎక్కనివ్వదట. మేము శాలువా కప్పాం. సదస్సుకు అధ్యక్షత వహించిన పెద్ద పాస్టరుగారు అది అద్భుతమైన దర్శనమని రెండుసార్లు అన్నారు.

మీ ప్రాంతంలో ఇలాంటి ఆచారం ఉందా అని చివర్లో కాంగ్ గారు అడిగారు. అధ్యక్షులవారు మైకు తీసుకున్నారు. "అలాంటివేమీ మిగల్లేదండీ మా దగ్గర. మొదటి తరంలోనే పోయాయి."

ఆ అబద్ధాన్ని వ్యాకరణం చెడకుండా ఇంగ్లీషులోకి మార్చాను.

అబద్ధమని నాకెలా తెలుసో ఇక్కడే చెప్పాలి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు మా కుటుంబం కోడూరు అవతల ఒక ఊళ్ళో ఉండేది. నేను అక్కడి చిన్న బడిలో టీచరును, సంఘానికి కార్యదర్శిని. మా అక్క మార్తమ్మ నాకంటే ఐదేళ్ళు పెద్దది. అక్క, బావ తాడిచెట్టును పట్టుకుని బతికారు. వాళ్ళ పిల్లలు యేసురత్నం, సారా బతకలేదు. వాడికి తొమ్మిది, దానికి ఆరు. దేహాలు దొరకలేదు కనుక సమాధి లేదు. మరుసటి సంవత్సరం అదే తేదీన, ఆదివారం ఆరాధన అయ్యాక, అక్క కరకట్ట ఎక్కి సముద్రం వైపు రెండు విస్తళ్ళు వేసి అన్నం, చేపల పులుసు పెట్టింది. ఎవరో చూశారు. డిసెంబరు 3న కమిటీ కూర్చుని, దయ్యాలకు అర్పణ చేసినందుకు మార్తమ్మను ప్రభువు బల్లకు, అంటే ఆరాధనలో అందరూ పంచుకునే రొట్టెకూ ద్రాక్షరసానికీ, దూరంగా ఉంచాలని తీర్మానించింది. తీర్మానం రాసింది నేను. మొదటి సంతకం అప్పటి మా పాస్టరుగారిది. ఈనాటి సదస్సు అధ్యక్షులు ఆయనే. ఒక భోజనం పెట్టినందుకు ఆమెకు ఇంకొక భోజనం మాన్పించాం.

పెట్టడం మానేసి, తప్పు ఒప్పుకుంటే మళ్ళీ చేర్చుకుంటామన్నారు. అక్క మానేసింది. ఒప్పుకోలు పత్రం నేనే రాసి తీసుకువెళ్ళాను. దయ్యాలకు అర్పించానన్న వాక్యం చదివి వినిపించగానే, నా పిల్లలు దయ్యాలా అని అడిగింది. వేలిముద్ర వేయలేదు. అటు పిల్లలకు పెట్టడమూ పోయింది, ఇటు బల్లా పోయింది. నేను 1980లో గుడివాడ వచ్చేశాను. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు ఇతరుల సంగతులు మాట్లాడుకునేవాళ్ళం.

టీ విరామంలో అధ్యక్షులవారికి ఇదంతా గుర్తుచేశాను. "ఏ మార్తమ్మగారు?" అన్నారు. ఊరి పేరు చెప్పాక గుర్తొచ్చింది. "అయ్యో, అది ఇంకా నడుస్తోందా? ఆవిణ్ణి వచ్చి ఒక్క మాట అడగమనండి మాష్టారూ, నేను చూసుకుంటాను."

అడిగేలా చేయడం నావల్ల కాదని తెలుసు. సముద్రం అవతలి నుంచి వచ్చిన మనిషి, అది తప్పు కాదని ఆమె ముఖం మీద చెబితే ఫలితం ఉండవచ్చుననుకున్నాను. కాంగ్ గారితో, మీకు ఒక స్త్రీని చూపిస్తాను, రండి అన్నాను. పద్దెనిమిదో తేదీ ఉదయం అక్కడికి చేరి, సాయంత్రానికి బయటపడేలా లెక్క వేశాను. ఊరు వదిలాక పంతొమ్మిదో తేదీన ఆ గడప నేను ఎన్నడూ తొక్కలేదు.

బందరు

17, మంగళవారం. ఆ ఏడు కొరియాలో డబ్బు విలువ బాగా పడిపోయిందట. కారు వద్దని కాంగ్ గారే అన్నారు. ప్యాసింజరు రైల్లో ఎదుటి సీటాయన నేపాలాయనా అని నన్ను అడిగారు. కాదన్నాక, జపానా అన్నారు. కొరియా అన్నాక, ఏదైతేనేం, పల్లీలు తినమనండి అని పొట్లం ముందుకు చాపారు. పెడన దాటేవరకు ఆయన ఒక్కరే ఒక దేశంతో స్నేహం చేశారు.

బందరులో తొక్కుడు లడ్డు అర కిలో కొన్నాం, ముప్ఫై ఐదు రూపాయలు. కాంగ్ గారు కోట దగ్గరున్న పాత డచ్చివారి సమాధులు చూడాలన్నారు. పెద్ద పెద్ద రాళ్ళు, వాటి మీద మనకు తెలియని భాషలో పేర్లు, చుట్టూ గడ్డి. ఒక ముసలామె గడ్డి కోసుకుంటోంది. వీరికి బంధువులెవరైనా వస్తారా అని ఆయన నాచేత అడిగించారు. మా అమ్మ చిన్నప్పటి నించీ ఇక్కడే కోస్తున్నాం, ఒక్కడొస్తే ఒట్టు అందామె. కాంగ్ గారు టోపీ తీసి, ఒక రాతి ముందు లడ్డు పెట్టి, నడుం వంచి నిలబడ్డారు. ఆయన తల ఎత్తేలోపల మేక దాన్ని తినేసింది.

"మేక్కి పెట్టాడా, దొరకి పెట్టాడా?" అని ముసలామె నన్ను అడిగింది.

"దొరకే."

"అయితే ఇంకోటి పెట్టమను. మేకని నేను పట్టుకుంటా."

నిజంగానే పట్టుకుంది. ఎవరికీ ఏమీ కాని వలస దొరల రాయి ముందు మిఠాయి పెడితే నవ్వుకున్నాం, గడ్డి కోసే ఆవిడ సాయం కూడా చేసింది. కన్నబిడ్డలకు అన్నం పెడితే మేము కమిటీ వేశాం. ఆ మాట నేను కాంగ్ గారితో అనలేదు. లాడ్జికి వచ్చి డైరీలో రాసుకున్నాను.

శ్రీకాకుళం రేవు

18, బుధవారం. తెల్లవారి బయలుదేరవలసింది. కాంగ్ గారికి మా ఆవకాయ పడలేదు. వారి దేశపు ఊరగాయకూ దీనికీ అన్నదమ్ముల పోలిక ఉందంటూ రాత్రి భోజనంలో మూడుసార్లు కలుపుకున్నారు. ఉదయం దాని ఫలితం. పది గంటలకు బస్సెక్కాం. దారిలో కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉందని నేనే చెప్పాను, దిగుదామని ఆయన పట్టుబట్టారు. చల్లపల్లిలో బస్సు మారాం.

రేవులో ఎవరో తండ్రి తద్దినం పెడుతున్నారు. పురోహితులు పిండాలు నీళ్ళలో వదిలించి, చేతులు కడుక్కుని మా వైపు వచ్చారు. కాంగ్ గారిని ఆపాదమస్తకం చూసి, "పెట్టించుకుంటారేమో అడగండి. గోత్రం చెబితే చాలు" అన్నారు, సగం నవ్వుతూ. నేను అనువదించాను. ఆయన ఉత్సాహంగా జవాబు చెప్పారు. వారి దేశంలో ఇంటి పేరు ఒకటే అయితే చాలదు, ఆ వంశం ఏ ఊళ్ళో మొదలైందో ఆ ఊరి పేరూ చెప్పాలి; రెండూ ఒకటైనవారు పెళ్ళి చేసుకోకూడదని వందల ఏళ్ళ కట్టుబాటు.

"ఇంకేం, మనవాళ్ళే!" అన్నారు పురోహితులు. ఆ తర్వాత మర్యాదగా నావైపు తిరిగారు. "మరి తమరిది?"

క్రైస్తవులమని చెప్పాను. ఆయన అలాగాండీ అని, బాగుందండీ అని, కండువా సర్దుకున్నారు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. కాని ఐదు వేల కిలోమీటర్ల అవతలి మనిషి ఒక్క జవాబుతో మనవాడు అయిపోయిన ఆ మెట్ల మీదికి మా తాతను దిగనిచ్చేవారు కాదు. ఆ అవమానం పడలేకే ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. తీసుకున్నాక మిషనరీలు, పెద్దలకు పెట్టుకునే అలవాటును ఈ ఒడ్డునే వదిలెయ్యమన్నారు. వదిలేశాడు. రెండు వైపులా చెల్లించినవాళ్ళం మేము. కాంగ్ గారు నోటుపుస్తకంలో రేవు బొమ్మ గీసుకున్నారు, చక్కగా వచ్చింది.

తిరిగి చల్లపల్లి వచ్చి హోటల్లో చేసిన భోజనం పద్దెనిమిది రూపాయలు. విస్తరిలో ఉల్లిపాయ ముక్క లేదు. అడిగితే, కిలో నలభై అండీ, ఫొటో కావాలంటే తెస్తాను అన్నాడు వడ్డించే ఆయన. సాయంత్రం నాలుగున్నరకు ఎక్కిన బస్సు పులిగడ్డ దగ్గర ఆగిపోయింది. కండక్టరు దిగి చక్రాల కింద చూసి, ఇంజను వైపు చూసి, చివరికి ఆకాశం వైపు చూశాడు. నడిచి, ట్రాక్టరెక్కి, అవనిగడ్డ చేరేసరికి చీకటి పడింది. లాడ్జి గది నూట ఇరవై. డైరీలో ఆ రోజు పేజీ పూర్తిచేసి, రేపటి తేదీ వేయబోయి ఆపేశాను. తప్పించుకోవాలనుకున్న తేదీనే అక్కడికి వెళ్ళబోతున్నాను.

పాలకాయతిప్ప

19, గురువారం. కోడూరులో బస్సు దిగి ఆటో మాట్లాడాను. ముందు సముద్రం చూద్దామని కాంగ్ గారికి నేనే చెప్పాను. మా ఊరి మలుపు దాటుకుంటూ ఆటో తిన్నగా పోయింది. ఆలస్యం చేయడానికి అంత పెద్ద సముద్రం ఉపయోగపడింది.

కృష్ణ అక్కడ సముద్రంలో కలుస్తుంది. ఎక్కడ కలుస్తుందో గీత గీసి చూపించలేం. కొంతదూరం నీళ్ళు బురద రంగులో ఉంటాయి, తర్వాత ఉండవు. కాంగ్ గారు ఒడ్డున కూర్చుని తమ పని గురించి మాట్లాడారు. పాత ఆలోచన, కొత్త విశ్వాసం ఇలాగే కలుస్తాయని అంటే చెప్పుకోవడానికి బాగుంటుంది, కాని కలిసే చోట ఎప్పుడూ ఎవరో ఒకరు మునుగుతారు, మా నానమ్మ మునిగింది అన్నారు. ఆయన మాటల్లో నాకు బాగా నచ్చినది అదే.

పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న పోలయ్య నన్ను గుర్తుపట్టాడు. ఉప్పెనలో అతని తమ్ముడూ పోయాడు. వాళ్ళు సంఘంవాళ్ళు కారు; ఏటా పెద్దలకు పెట్టుకుంటారు, వాళ్ళను ఎవరూ ఏమీ అనరు.

"ఇవాళ వచ్చారే మాష్టారండీ," అన్నాడు. "పొద్దున్నే కట్ట మీద అక్కగారు కనపడ్డారు. ఒట్టి చేతుల్తో నిలబడి వెళ్ళిపోయారు. ఇవాళ ఆవిడ మెతుకు ముట్టదుగా."

ఎప్పటినుంచి అని అడిగాను.

పోలయ్య సూది ఆపి నావైపు చూశాడు. "మీరు మాన్పించిన కాడ్నించీ. తెలీదా మీకు? పిల్లలకి లేంది నాకెందుకని అప్పుడే అందిగా."

పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు అక్క ఆరోగ్యం అడిగేవాడిని, బియ్యం ధర అడిగేవాడిని. ఇది అడగలేదు.

అక్క ఇల్లు

తుఫాను కాలనీలో వసారా ఉన్న పక్కా ఇల్లు. బావ పోయి పదమూడేళ్ళు. ఆయన సమాధి సంఘం దొడ్లో ఉంది. అక్క వసారాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మమ్మల్ని చూసి చేట పక్కన పెట్టింది.

"వచ్చావా తమ్ముడూ. ఇవాళే దొరికిందా నీకు?" అంది. తర్వాత కాంగ్ గారిని చూసి, "ఎవరాయన, గూర్ఖానా? కూర్చోమను. అన్నం తినకుండా పంపిస్తానా ఏంటి" అని లోపలికి వెళ్ళింది.

పక్కింటి చెరువులో పట్టిన శీలావతి చేప తెప్పించి పులుసు పెట్టింది. ఉల్లిపాయల కరువు రోజుల్లో రెండు పెద్ద ఉల్లిపాయలు తరిగింది. కాంగ్ గారు చాప మీద బాసింపట్టు వేసుకుని, ముళ్ళను నేర్పుగా పళ్ళెం అంచున పేరుస్తూ, మూడుసార్లు అన్నం పెట్టించుకున్నారు. మనోడిలాగే తింటున్నాడే అని అక్క మెచ్చుకుంది. ఆవిడ మాత్రం కూర్చోలేదు. ఆవిడ ఎందుకు తినడం లేదని ఆయన అడిగారు. పోలయ్య చెప్పినది నేను చెప్పాను.

ఆయన చెయ్యి కడుక్కుని, నెమ్మదిగా ఆమెతో మాట్లాడటం మొదలుపెట్టారు. తాత తగలబెట్టిన పలకల గురించి, నానమ్మ గిన్నె గురించి, క్రీస్తు చనిపోయినవారి దగ్గరికి దిగి వెళ్ళడం గురించి చెప్పారు. మీరు చేసినది పాపం కాదు, నేను ముప్ఫై ఏళ్ళుగా పుస్తకాల్లో వెతుకుతున్నది మీరు కట్ట మీద చేశారు అన్నారు. ఒక్క మాట వదలకుండా తెలుగు చేశాను. చివర నా సొంత మాటలు కలిపాను. "పెద్ద పాస్టరుగారు కూడా ఒప్పుకున్నారక్కా. నువ్వు ఒక్క మాట అడిగితే చాలు, మళ్ళీ బల్లకి రావచ్చు."

"ఏమని అడగాలి?"

"చేర్చుకోమని."

"నేను వెళ్ళిపోతేగా, చేర్చుకోవడానికి." పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది. "సరే, అది తప్పు కాదంటాడు ఈయన. ఎప్పట్నించి కాదు? ఇవాళ్టి నించా, అప్పుడూ కాదా?"

"అప్పుడూ కాదు."

"మరి మానమంటే మానేశాను కదరా. మీరందరూ చదువుకున్నవాళ్ళని మానేశాను. ఇవాళ్టితో ఇరవై ఏళ్ళు. అయితే ఇరవై ఏళ్ళూ నా పిల్లల్ని పస్తు పడుకోబెట్టింది నేనేనా?"

కాంగ్ గారు నోటుపుస్తకం తెరిచి, ఆవిడ ఏమన్నారని అడిగారు. సంతోషించింది, మీకు కృతజ్ఞతలు చెబుతోంది అన్నాను. ఆయన అది రాసుకున్నారు. ఎందుకలా చెప్పానో ఇప్పటికీ సమర్థించుకోలేను. అతిథి ముందు మర్యాద అనుకున్నానేమో. తీర్మానం రాసినప్పుడూ మర్యాద అనే అనుకున్నాను.

"నేనంత పొట్టి మాట అనలేదే," అంది అక్క.

మళ్ళీ తనే అంది.

"నేనన్నది అన్నట్టు చెప్పు. అప్పుడూ నేననని మాటే నా పేరు మీద రాసుకొచ్చావు."

చెప్పాను. ముందు చెప్పినది అబద్ధమనీ చెప్పాను. కాంగ్ గారు రాసుకున్న వాక్యాన్ని కొట్టేసి, పుస్తకం మూసి, సంచిలో పెట్టేశారు. గుండెలో గడ్డకట్టి ఏళ్ళ తరబడి కరగని దుఃఖానికి వారి భాషలో ఒక మాట ఉంది; సదస్సులో దాని మీద గంటసేపు ప్రసంగించారు. ఆ పూట ఆ మాట ఎత్తలేదు. అందుకే ఆయన మీద నా గౌరవం నిలిచింది. ఆయనే, అనుమతి ఇవ్వడానికి వచ్చినవాడిలా మాట్లాడాను, నన్ను క్షమించమని చెప్పండి అన్నారు.

"ఆయన్దేముందిలే, చూడ్డానికొచ్చిన మనిషి," అని అక్క లేచి వెళ్ళి రెండు విస్తళ్ళు తెచ్చింది. వసారాలో వీధి వైపు పక్కపక్కన పరిచి, నీళ్ళు చిలకరించి, అన్నం గిన్నె, పులుసు గిన్నె నా ముందు పెట్టింది. "రాసిన చెయ్యి నీదేగా. నువ్వే పెట్టు."

వీధిలో సంఘం ఆడవాళ్ళు ఇద్దరు కుళాయి దగ్గర ఉన్నారు. బిందెలు నిండినా కదలలేదు. నేను చేతి గడియారం చూశాను. మూడు దాటి ఐదు నిమిషాలు. తిరుగు బస్సు మూడు నలభైకి.

"గడియారం నాకు చూపించకు," అంది.

పెట్టాను. రెండు విస్తళ్ళలో అన్నం, దాని మీద పులుసు, చెరొక ముక్క. గిన్నెలు దించి వెనక్కి జరగబోయాను.

"సారాకి ముల్లు తీసి పెట్టు," అంది అక్క. "దానికి ఆరేళ్ళే."

మళ్ళీ కూర్చుని రెండో విస్తరిలోని ముక్క విప్పాను. పెద్ద ముళ్ళు వచ్చేశాయి. శీలావతిలో సన్న ముళ్ళు కండలోనే దాక్కుంటాయి. అక్క నా వెనక నిలబడి, అదిగో అక్కడొకటుంది, చూసి తియ్యి, గొంతులో పడుద్ది అంటూనే ఉంది. పదిహేడు ముళ్ళు తీశాను. కాంగ్ గారి సంచిలో కెమెరా ఉంది. ఆయన దాన్ని బయటికి తీయలేదు. టోపీ ఒళ్ళో పెట్టుకుని, గోడకు ఆనుకోకుండా కూర్చున్నారు.

ఆ తర్వాత అక్క తిన్నదో లేదో నాకు తెలియదు. బస్సు హారను వినబడింది, వెళ్ళమంది. గేటు దాకా వచ్చాక మరొకసారి బల్ల మాట ఎత్తాను. ఇలాగే ఉండిపోతే సంఘం దొడ్లో బావ పక్కన చోటు కూడా దొరకదని చెప్పాను.

"నా పిల్లలకి దొరికిన చోటు లేదూ?" అంది. "కొట్టేసింది మీరు, రాయాల్సింది మీరు. నేనడగను తమ్ముడూ."

తిరిగి గుడివాడ

20న కాంగ్ గారిని విజయవాడ రైలెక్కించాను. తన వ్యాసంలో ఈ ఇంటి సంగతి రాయబోనని ఆయన ప్లాట్‌ఫారం మీద చెప్పారు. రాసి ఉంటే బాగుండేదేమో నాకు తెలియదు.

21, శనివారం అధ్యక్షులవారి ఇంటికి వెళ్ళి, ఆమె అడగదు, మనమే తీర్మానం రద్దు చేయాలి అన్నాను. ఆయన కాఫీ ఇప్పించారు. "అవన్నీ పుస్తకాల్లో బాగుంటాయి మాష్టారూ. ఊళ్ళో ఒకళ్ళకి ఒప్పుకుంటే రేపు ఇంటింటా పెడతారు. ఆ కొరియా ఆయనకేం, చెప్పి వెళ్ళిపోతాడు." తర్వాత అడిగారు. "మీరు గానీ చెయ్యి పెట్టలేదు కదా?"

"నేనే పెట్టానండీ. ముళ్ళు కూడా తీశాను."

ఆయన తలుపు వైపు చూశారు. "నాతో అన్నారు, సరిపోయింది. ఇంకెవరితోనూ అనకండి."

అదే పనికి అక్కకు తీర్మానం, నాకు సలహా. ఆ రాత్రి 1978 డైరీ తీసి, ఆ రెండు పేజీలు చదివాను. నా చేతిరాత అప్పుడు ఇంకా గుండ్రంగా ఉండేది. ఒక్క అక్షరదోషం లేదు.

డిసెంబరు 6, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఆరాధన. అందరితోపాటు విశ్వాస ప్రమాణం చెప్పాను. అదృశ్యలోకం మాట దగ్గర ఎవరి గొంతూ తడబడలేదు. రొట్టె పళ్ళెం వరసలో నా దాకా వచ్చింది. పక్కాయన చేతికి అందించి, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నన్ను ఎవరూ మాన్పించలేదు.